అలివి వల తాడు పట్టిన అతిథులకు

మీరు మా చేపలు తిన్నారు. తిని, మా మీదే ఫిర్యాదు పెట్టారు.

ఎవరినో అంటున్నానని పక్కకి చూడకండి. మిమ్మల్నే. కొత్త జాలారిపేట తీరంలో ఆ గురువారం పొద్దున చేతికి తెల్ల గాజు వేసుకొని, ఇసుకలో చెప్పులు విడిచి, మా తాడు పట్టి లాగిన మిమ్మల్నే. ఎర్రబడ్డ అరచేతులు ఒకరికొకరు చూపించుకొని మురిసిపోయిన మిమ్మల్నే. దానయ్య స్వయంగా చేతికిచ్చిన వాటాని హోటలు సంచీలో వేసుకెళ్ళి, వేయించుకు తిని, సాయంత్రానికల్లా మీకు పాసు అమ్మిన 'నిర్జన' కంపెనీకి "ఖాళీ తీరం చూపిస్తామని చెప్పి గుంపులో పడేశారు" అని రాసిన మిమ్మల్నే.

ఆ ఫిర్యాదులన్నీ పోగేసి తీర మండలి ఇప్పుడేమంటోందో తెలుసా? ఆ రోజు వల లాగినట్టు కాదట, మోసం చేసి లాగించినట్టట. మోసమో కాదో మీరే తేల్చండి. అప్పట్లో ఏ రోజుకారోజు నేను రాసుకున్నది ఉన్నది ఉన్నట్టుగా కింద ఇస్తున్నాను. మిమ్మల్ని తిట్టినచోట కూడా దిద్దలేదు. మీ నుంచి మాకేం కావాలో చివర రాశాను.

నా పేరు వరహాలమ్మ. సిటీ బస్సులో కండక్టరుగా చేశాను. బస్సులు మనుషులతో పని లేకుండా తిరగడం నేర్చుకున్నాక నన్ను ఇంటికి పంపేశారు. ఇప్పుడు పేట నివాసుల సంఘానికి కార్యదర్శిని. గొంతు మాత్రం అప్పటిదే.

1

కుళాయి దగ్గర మళ్ళీ గొడవ. నీళ్ళు వచ్చేదే కాసేపు. ఆ కాసేపట్లో మా చేతులకి మండలి తొడిగిన బూడిద గాజులు పన్నెండుకి మించి ఒకచోట చేరితే అందరి గాజులూ ఎర్రబడతాయి. గాజు ఎర్రబడితే ఆ రోజంతా బస్సు తలుపు తెరుచుకోదు, రేషను షాపులో తూకం కదలదు, ఆసుపత్రిలో చీటీ రాదు. అందుకని పన్నెండు మందిమి కుళాయి దగ్గర నిలబడతాం, తక్కినవాళ్ళు గోడ వెనక నిలబడతారు. ఒకరు బిందె ఎత్తుకొని అటు వెళ్తే గాని ఇంకొకరు ఇటు రాకూడదు.

ఈవేళ పోలమ్మ వదిన రెండు బిందెలతో గోడ దాటి వచ్చేసింది. ఎండుచేపలు అమ్ముకునే మనిషి, పొద్దున్నే బయల్దేరాలి.

"ఆగు వదినా, నువ్వు పదమూడో మనిషివి" అన్నాను.

"నానా? నా వొంటి మీద కండేదే? సగం మనిసిగా లెక్కెట్టుకోమను నీ గాజుని. మిగతా సగం మీ అన్నకాడ ఒగ్గీసొచ్చినాను."

గోడకి ఇటు ఉన్నవాళ్ళం ఇటే నవ్వాం, అటు ఉన్నవాళ్ళు అటే నవ్వారు. ఈ ఊళ్ళో మేం కలిసి నవ్వాలన్నా మధ్యలో గోడ ఉండాలి.

ఇదంతా ఎందుకయ్యా అంటే మీకోసం. విశాఖ చూడ్డానికి వచ్చేవాళ్ళకి గుంపు కనబడకూడదు. మీ చేతికి తెల్ల గాజు ఉంటుంది. అందులో మా ఊరి పటం ఉంటుంది. మా బూడిద గాజులు ఎక్కువున్న చోటు ముదురు గులాబీ రంగులోకి తిరుగుతుంది. మేం లేని చోటు తెల్లగా మెరుస్తుంది. మీరు ఆ మెరుపుని పట్టుకొని నడుస్తారు. భీమిలి నుంచి యారాడ దాకా సముద్రం కనబడే నేలంతా 'దృశ్య ప్రాంతం'. మా పాత పేట సముద్రంలో కలిసిపోయాక, మిగిలిన గట్టు మీద మేం కట్టుకున్న ఈ కొత్త పేట కూడా మీ దృశ్యంలో భాగమేనట.

మధ్యాహ్నం గోడ మీద తీర మండలి ప్రకటన వెలిగింది. ఏడాదికి ఒక్కసారైనా అలివి వల లాగని పేటకి తీరం మీద హక్కు ఉండదు. ఈ నెలాఖరే గడువు. లాగలేకపోతే పేటని కొండ వెనక కాలనీకి తరలిస్తారు. అక్కణ్ణుంచి సముద్రం చూడాలంటే మేం కూడా పాసు కొనుక్కోవాలి.

2

అలివి వల అంటే ఏమిటో మీలో చాలామందికి తెలియదు. ఒక తాడు కొస ఒడ్డునే ఉంటుంది. పడవ వల విడుచుకుంటూ లోపలికి పోయి, అర్ధచంద్రంలా తిరిగి, రెండో కొసతో ఇంకోచోట ఒడ్డెక్కుతుంది. ఇక రెండు తాళ్ళ దగ్గరా జనం చేరి, సముద్రాన్ని ఇంటికి ఈడ్చుకొస్తున్నట్టు లాగాలి. ముప్పై నలభై మంది ఉంటే గాని కదలదు. యంత్రం పెడితే చప్పుడు, చప్పుడైతే మీ ప్రశాంతతకి భంగం, అందుకని యంత్రం నిషేధం. పన్నెండు మందికి మించితే గాజులు ఎర్రబడతాయి. ఇంత ఏర్పాటు చేసి, "మీరు వల లాగడం మానేశారు గనక మీకు హక్కెందుకు?" అని మండలివాళ్ళు మమ్మల్ని అడుగుతారు. కాళ్ళు కట్టేసి పరుగుపందెం పెట్టినవాడు కనీసం నవ్వుతాడు. వీళ్ళు నవ్వను కూడా నవ్వరు.

దానయ్య అన్న మా పేట వలకి పెద్ద. గరికిన వాళ్ళింటివాడు, పోలమ్మ పెనిమిటి. "పన్నెండుగురితోనే లాగుదాం" అన్నాడు. నేను వద్దన్నాను.

"నువ్వు బస్సు లాగినావు గాని వల లాగినావేటి సెల్లీ?" అన్నాడు.

అటు ఆరుగురు, ఇటు ఆరుగురు. గాజుల మీద ఒక కన్ను, అలల మీద ఒక కన్ను. కాసేపు కదిలింది. తర్వాత నీటి ఒరవడి తిరగబడి వల దక్షిణానికి కొట్టుకుపోవడం మొదలైంది. తాడు చేతుల్లోంచి జారి అరచేతుల చర్మం ఊడొచ్చింది. గోడ వెనక ఆడా మగా యాభై మంది బిందెలు పట్టుకొని చూస్తున్నారు. నాలుగడుగులు వేసి ఒక చెయ్యి వేస్తే చాలు. వెయ్యకూడదు. వేస్తే అందరివీ ఎర్రబడతాయి. ఎవరి ఇంట్లో మందుల మీద బతికే మనిషి ఉన్నారో, ఎవరి ఇంట్లో బియ్యం అయిపోయాయో అందరికీ తెలుసు.

ఆఖరికి దానయ్యే నీళ్ళలో దిగి కత్తితో ఒకవైపు తాడు కోసేశాడు. వల దక్కింది, చేప పోయింది. ఒడ్డు మీద కూర్చొని తెగిన తాడుని చుట్ట చుట్టాడు. పోలమ్మ వచ్చి అరచేతులకి పసుపు రాస్తూ తిట్టింది.

"గాజుకి బయపడి గంగమ్మకాడ వోడిపోనావు. నీకన్నా మీ అమ్మ నయం, దెయ్యాలకి తప్ప దేనికీ బయపడీది కాదు."

3

తీర మండలి ఆఫీసుకి వెళ్ళాను. అధికారి పేరు శశికాంత్. గాజువాక కుర్రాడు, చొక్కా గుండీలు మెడ దాకా పెట్టుకుంటాడు. ఊపిరి ఎలా ఆడుతుందో.

"చెప్పండి ఆంటీ."

"ఆంటీ ఏంటి బాబూ, నేను పిటిషనర్ని. వల లాగే రోజుకి పన్నెండు మంది నిబంధన సడలించాలి. ఒక్క పూట."

"కుదరదండీ. ఒక పూట సడలిస్తే ఆ పూట పాసు కొన్నవాళ్ళకి ఏం సమాధానం చెప్పాలి?"

"మరి హక్కు నిలబడాలంటే నిబంధన ఏమంటోంది?"

అతను చదివాడు. వల ఒడ్డుకి చేరాలి. తాడు పట్టిన ప్రతివాళ్ళకీ వాటా అందాలి. అప్పుడే లాగినట్టు లెక్క. ఇది మా పెద్దలు పట్టుబట్టి పెట్టించుకున్న మాట. డబ్బున్నవాడెవడో కూలివాళ్ళని తెచ్చి లాగించి తీరం నాదే అనకుండా ఉండటానికి. మా దగ్గర ఎప్పుడూ ఇదే పద్ధతి. దారినపోయేవాడు తాడు మీద చెయ్యి వేసినా వాటా ఇవ్వాల్సిందే. వాటా తీసుకున్నవాడు ఆ రోజుకి వల మనిషి.

"తాడు పట్టేవాళ్ళు పేటవాళ్ళే కావాలని ఉందా?"

"లేదు. కానీ ఎవరైనా పన్నెండు బూడిద గాజులే."

"మరి తెల్ల గాజులు ఎన్ని ఉండొచ్చు?"

శశికాంత్ నవ్వాడు. "అవి లెక్కలోకి రావండీ. అతిథుల్ని గుంపు కింద లెక్కపెట్టం."

"ఎందుకు పెట్టరు? వాళ్ళకీ కాళ్ళూ చేతులూ ఉన్నాయి కదా. మోచేతులు కూడా ఉన్నాయి, బస్సులో వాటి పోట్లు చాలా తిన్నాను."

"పాసు కొన్న మనిషికి 'మీరే గుంపు' అని చెబితే ఇంకెవరు కొంటారు ఆంటీ?"

మళ్ళీ ఆంటీయే. కానీ ఆ మాటకి నాకు కోపం రాలేదు. వచ్చేటప్పుడు బస్టాపులో కూర్చొని దాన్నే నెమరేసుకున్నాను. మీ దృష్టిలో గుంపు అంటే ఎప్పుడూ ఎదుటివాళ్ళే. కొండ మీద వందమంది నిలబడి ఎవరికి వాళ్ళు "అబ్బ, ఎంత జనం!" అనుకుంటారు. అనుకునేవాళ్ళలో ఒక్కరు కూడా తమని ఆ వందలో కలుపుకోరు. మీ కంపెనీ ఆ గుడ్డితనాన్నే గాజులో పెట్టి మీకు అమ్మింది.

4

బస్టాపులోనే తట్టింది.

నా రోజుల్లో బస్సు కిక్కిరిసి వచ్చేది. ఫుట్‌బోర్డు మీద వేలాడేవాళ్ళని చూసి కొందరు తెలివైనవాళ్ళు ఎక్కేవాళ్ళు కాదు. "వెనకాల ఖాళీది వస్తుంది లెండి" అని ఆగేవాళ్ళు. నిజంగానే ఖాళీది వచ్చేది. ప్రతి స్టాపులోనూ అలా ఆగిన తెలివైనవాళ్ళందరూ దాన్నే ఎక్కేవాళ్ళు. జగదాంబ సెంటరు చేరేసరికి ముందు బస్సులో గాలాడేది, వెనక బస్సు తలుపు మూసుకునేది కాదు. అందులోంచి నన్నే తిట్టేవాళ్ళు, "ఏమమ్మా కండక్టరూ, ఇంతమందిని ఎక్కించుకుంటావా?" అని.

మీకు కావలసింది ఖాళీ చోటు. ఊరంతటికీ ఒకటే ఖాళీ చోటు మిగిలితే?

ఆ సాయంత్రమే దానయ్య ఇంటికెళ్ళి చెప్పాను. ఊళ్ళో ఉన్న ప్రతి చూడదగ్గ చోటికీ మనవాళ్ళు పన్నెండేసి మంది వెళ్ళి నిలబడాలి. ఎక్కడా నిబంధన దాటక్కర్లేదు. పటంలో ఊరంతా గులాబీ రంగు అయిపోతుంది. మన తీరం మీద మాత్రం ఒక్క మనిషి ఉండకూడదు. తెల్లగాజులన్నీ ఇటే వస్తాయి. మన పడవ అప్పటికే నీళ్ళ మీద ఉంటుంది. నీళ్ళ మీదున్న గాజుల్నీ, ఇళ్ళ లోపలున్న గాజుల్నీ పటం లెక్కపెట్టదు. వాళ్ళొచ్చాక ఒడ్డెక్కి తాడు చేతికిద్దాం.

దానయ్య ముఖం మాడిపోయింది. "మన ఒడ్డు మనమే కాళీ సెయ్యాలా? ఆల్లడిగింది అదే గదేటి. చేపలెండెట్టకు, వలలారెయ్యకు, పిల్లల్ని ఆడనియ్యకు. ఇన్నేళ్ళు ఇయ్యనిది ఇయ్యాల నువ్వు దగ్గరుండి ఇప్పిస్తావేటి?"

"ఒక్క పొద్దున, అన్నా."

"ఒక్క పొద్దునే కదాని సముద్రం కూడా అనే ఉంటది పాత పేటకాడ."

నిజంగానే నాకూ గుచ్చుకుంది. మనం లేకుండా ఉంటేనే మన తీరానికి విలువ అని మనమే ఒప్పుకున్నట్టు కాదా అని. కానీ ఎదుటివాళ్ళ బుద్ధి ఎటు పోతుందో తెలిసి కూడా దాన్ని వాడుకోకుండా మర్యాదగా ఓడిపోవడం నాకు చేతకాదు. అదే అన్నాను. కొంచెం గట్టిగానే అన్నాను.

పోలమ్మ వదిన పొయ్యి దగ్గర్నుంచి అడిగింది. "అంటే మనోళ్ళందరూ ఊరు సూడ్డానికెల్తారా?"

"వెళ్ళాల్సిందే. డ్యూటీ అనుకో."

"అలాగైతే నాను కైలాసగిరి. ఇంకో మాట నేదు."

దానయ్య పెళ్ళాన్ని చూశాడు, నన్ను చూశాడు. "ఆల్లు తాడట్టుకుంటారని నమ్మకమేటి?"

"లేదు" అన్నాను. "తీసుకొచ్చి తాడు ముందు నిలబెడతాను. పట్టించడం నీ వంతు."

5

ముందుగా చూసుకుందామని మంగళవారం పన్నెండు మందిమి కైలాసగిరి వెళ్ళాం. పేటకీ కొండకీ మధ్య దూరం పెద్దదేం కాదు. కాని మాలో సగంమంది ఆ కొండ ఎక్కి ఏళ్ళయింది. పేటలో పుట్టిన అమ్మాయిలు ఇద్దరైతే అసలెక్కలేదు.

మీలాగే వెళ్ళాం. పులిహోర పొట్లాలు కట్టుకున్నాం. రోప్‌వేలో పోలమ్మ కళ్ళు మూసుకొని నా చెయ్యి నలిపేసింది, పడవలో తుపానుకి కూడా జంకని మనిషి. పైకి వెళ్ళేసరికి తెల్లగాజులవాళ్ళు ఓ అరవై మంది అక్కడక్కడా ఉన్నారు. మేం రెయిలింగు దగ్గర వరసగా నిలబడ్డాం. అంతే. కాసేపటికి ఒకాయన తన గాజు చూసుకున్నాడు. "ఇక్కడ రద్దీ పెరుగుతోందట" అని భార్యతో అన్నాడు. అరవై మంది నోరు మూసుకొని దిగి వెళ్ళిపోయారు. కొండంతా మా పన్నెండు మందికే మిగిలింది.

నేను ఇంకోసారి ఇలాంటి మాట రాయనేమో గాని, బాగుంది. చాలా బాగుంది. గాలి, అలల గీతలు, ఎదురుగా డాల్ఫిన్ కొండ. ఎవరూ నెట్టడం లేదు. మీరు దేనికోసం డబ్బు పోస్తున్నారో ఆ పూట నాకు అర్థమైంది. ప్రశాంతంగా నిలబడి సముద్రం చూడాలన్న కోరిక తప్పు కాదు. బస్సులో నిలబడి నిలబడి కాళ్ళు వాచిన నాకు ఆ సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు. కుళాయి దగ్గర పదమూడో మనిషిని గోడ వెనక్కి నెట్టి ఆ ప్రశాంతతని మీకు అందిస్తున్నారే, నా పోట్లాట దానితో.

పోలమ్మ పేటని వేలితో వెతుక్కుంది. "అదేటి? ఆ మసక మచ్చా? ఓలమ్మో, అందులో ఇంతమందిమి ఎలాగున్నాం వదినా?" తర్వాత గొంతు తగ్గించింది. "పైనుంచి సూస్తే మనం కనబడనే కనబడం. మరి ఆల్లకేటి అడ్డం?"

6

గురువారం. ఇది కూర్చొని ఒక్క బిగిన రాస్తున్నాను.

వెలుగు రాకముందే పడవ వెళ్ళిపోయింది. మావాళ్ళు పొట్లాలు కట్టుకొని పన్నెండేసి మంది ఊరి మీద పడ్డారు. ఋషికొండ, భీమిలి, లైట్‌హౌసు, యారాడ, మీరు ఫొటో తీసుకునే ప్రతి మలుపూ. చేపల పందిళ్ళు ఎత్తేశాం. తీరం బోడిగా, కడిగిన పళ్ళెంలా ఉంది. ఒక తాడు కొస ఇసుకలో మేకుకి కట్టి ఉంది. నేను, పోలమ్మ, ఇంకొందరు ఇళ్ళలో తలుపుల వెనక నక్కాం. పోలమ్మ మళ్ళీ కైలాసగిరి వెళ్ళనంది. "నా మొగుడి వల నాను నేకుండా లాగుతారేటి?"

సూర్యుడు నీళ్ళని వదిలి పైకొచ్చేసరికి మొదటి తెల్లగాజు జంట వచ్చింది. "చూశావా, మనమే" అంటూ ఆవిడ గెంతింది. వెనకాలే ఒక కుటుంబం. ఆపైన ఆటోలు, బళ్ళు, నడిచేవాళ్ళు. ఒక్కొక్కరూ గట్టు ఎక్కడం, ఇసుకని చూసి మొహం వికసించడం, పక్కవాళ్ళని చూసి మొహం ముడుచుకోవడం. గాజు చూసుకుంటారు. గాజు మాత్రం ఇది ఊళ్ళో అన్నిటికన్నా ఖాళీ చోటని చెబుతుంది. అబద్ధం కాదు, మేం లేం కదా. రెండొందల మంది ఎడమెడంగా నిలబడి, తక్కిన నూట తొంభై తొమ్మిది మంది వెళ్ళిపోతే బాగుండునని ఎదురు చూస్తున్నారు. ఒక్కరూ కదలరు. మొదట వచ్చింది తామేనని ప్రతివాళ్ళకీ నమ్మకం.

అప్పుడు దానయ్య పడవ రెండో కొసతో ఒడ్డెక్కింది. మేం తలుపులు తెరుచుకొని బయటికి వచ్చాం. పడవలోవాళ్ళతో కలిపి పన్నెండుగురం, ఒక్కరు ఎక్కువ లేం.

తాడు బిగిసింది. లాగాం. కదల్లేదు. మీరు ఫొటోలు తీస్తున్నారు.

దానయ్య తాడు భుజాన వేసుకొని మీ వైపు తిరిగాడు. "ఏటలా సూస్తారు బాబూ? ఈ ఒడ్డు మీద పని నేకుండా నిలబడ్డోడు ఎవుడూ నేడు. రండి, సెయ్యెయ్యండి!"

ఎవరూ రాలేదు. ఒకాయన వెనక్కి చూసుకున్నాడు, ఇంకెవరినో పిలుస్తున్నారేమో అన్నట్టు.

అప్పుడు పసుపుపచ్చ చీరలో ఒకావిడ కుచ్చిళ్ళు దోపుకుంటూ వచ్చింది. తర్వాత తెలిసింది, పేరు స్వరూప, నాగర్‌కర్నూల్ నుంచి చెల్లెళ్ళతో వచ్చింది.

"ఏందక్కా, గుంజాల్నా?"

"లాగాలి తల్లీ!"

"లాగుడో గుంజుడో, పట్టెయ్ మరి. పొద్దుగాల్నుంచి గీ ఇసుకల నిలబడి ఒకల మొకం ఒకలం చూస్కుంటున్నం, గింతకన్న పనేమున్నది?" వెనక్కి తిరిగి చెల్లెళ్ళని కేకేసింది. "రాండ్రే! ఏమయ్యా కళ్ళద్దాలాయనా, నువ్వు గూడ రా, ఆ ఫోను జేబుల వెట్టు!"

కళ్ళద్దాలాయన వచ్చాడు. ఆయన వస్తే ఆయన భార్య వచ్చింది. ఇక ఒకరిని చూసి ఒకరు. తాడు మీద చేతుల మధ్య చోటు లేకుండా పోయింది. దానయ్య "హైలెస్సా" అంటే మొదట సిగ్గుపడుతూ గొణిగారు, మూడోసారికి గట్టు దద్దరిల్లింది. మీ అంతట మీరే లాగారు. మీ చేతుల్ని ఎవరూ తాడుకి కట్టలేదు. గుర్తుంచుకోండి.

సగం వల వచ్చేసరికి శశికాంత్ పరుగున వచ్చాడు, గుండీ ఊడిపోయి ఉంది.

"ఆంటీ, ఏంటిది? ఆపండి! గుంపు కూడింది!"

"ఎక్కడ గుంపు? మేం పన్నెండుగురం. లెక్కపెట్టుకో."

"మరి వీళ్ళంతా?"

"వీళ్ళు అతిథులు. గుంపంటావా? అను. గట్టిగా, అందరికీ వినబడేలా అను."

అతను మీ వంక చూశాడు. తాడు పట్టిన మీరూ ఒక్క క్షణం అతని వంక చూశారు. ఆ మాట అంటే ఆ ఒడ్డు మీద ఉన్న ప్రతి పాసూ అబద్ధమైపోతుంది. ఊడిన గుండీ చోటు తడుముకున్నాడు. పోలమ్మ అతని చెయ్యి పట్టుకొని తాడు మీద వేసింది.

"గాజువాకోడివి, నీకు కూడా సెప్పాలేటి? నాగేద్దూ!"

లాగాడు.

వల సంచి ఇసుక మీదికి వచ్చింది. పెద్ద పంట కాదు. నెత్తళ్ళు, కానగంతలు, గుప్పెడు పీతలు. కానీ మీరు కేకలు వేసిన తీరు చూస్తే సముద్రాన్నే పట్టామనుకోవాలి.

దానయ్య ఎవరినీ వదల్లేదు. తాడు పట్టిన ప్రతి చేతికీ వాటా. కొందరు "అయ్యో వద్దండీ, మేం హోటల్లో ఉంటున్నాం" అన్నారు. "వొద్దంటే కుదరదు. తాడట్టినావు, వాటా నీది" అని చేతిలో పెట్టాడు. శశికాంత్ చొక్కా జేబులో నాలుగు నెత్తళ్ళు వేశాడు. అతను అక్కడే నిలబడి మండలికి కబురు పంపాడు, వల ఒడ్డుకి చేరింది, వాటాలు పంచారు అని.

స్వరూప సంచీ ముడేస్తూ అంది. "సముద్రం చూస్తందుకొచ్చిన. పట్టుకపోతున్న."

7

శుక్రవారం మీ ఫిర్యాదులు అందాయి. శనివారం శశికాంత్‌ని ఉద్యోగంలోంచి తప్పించారు. వచ్చే సోమవారం విచారణ. తాడు పట్టినవాళ్ళు "మోసపోయాం" అంటే ఆ రోజు వల లాగనట్టే. గడువు అయిపోయింది, ఇక పేట కొండ వెనక్కి పోతుంది. "లాగాం, వాటా తీసుకున్నాం" అంటే తీరం నిలబడుతుంది. రెండూ మీ నోట్లోనే ఉన్నాయి.

తప్పు మాదేనని మీలో ఒకాయన ఫిర్యాదులో రాశాడు, ముందే చెబితే సాయానికి వచ్చేవాళ్ళమట. ముందు చెప్పడానికి మీరు మాకు కనబడితే కదా. మేం మీకు కనబడకూడదని కదా ఈ ఏర్పాటంతా.

దానయ్య ఇది రాయొద్దన్నాడు. "సేప తిన్నోళ్ళు, ఆల్లకే తెలవాల" అన్నాడు. ఆయనది మంచి మనసు. నేను కండక్టర్ని, టిక్కెట్టు తీసుకోనివాణ్ణి దిగేదాకా వదలను. స్వరూప ఒక్కతే కబురు పెట్టింది, సోమవారానికి చెల్లెళ్ళతో బయల్దేరుతున్నానని. తక్కిన మీకోసం ఇది.

మా డిమాండ్లు:

1. 'నిర్జన'కి పెట్టిన ఫిర్యాదు వెనక్కి తీసుకోండి.

2. సోమవారం విచారణకి రండి. "నేను తాడు పట్టాను, వాటా తీసుకున్నాను" అని చెప్పండి. అంతకు మించి ఒక్క మాట చెప్పక్కర్లేదు.

3. పన్నెండు మంది నిబంధన ఎత్తెయ్యాలి.

4. నీళ్ళు, బస్సు, రేషను, వైద్యం దృశ్యం పేరుతో ఎవరికీ ఆపకూడదు.

5. గాజులు తియ్యాలి. తియ్యడం కుదరదంటే అందరికీ ఒకే రంగు వెయ్యాలి, మీక్కూడా.

6. కొత్త జాలారిపేటని కొండ వెనక్కి తరలించే ఉత్తర్వు రద్దు చెయ్యాలి.

7. శశికాంత్ ఉద్యోగం శశికాంత్‌కి ఇవ్వాలి.

8. విశాఖ చూడ్డానికి మళ్ళీ రండి. విచారణ ఎలా తేలినా మర్నాడు పొద్దున్నే వల వేస్తున్నాం. ఈసారి తీరం ఖాళీ చెయ్యం. సంచీ తెచ్చుకోండి.